అత్తగారితో, ఆరేళ్ళ పిల్లతో తెరచాప పడవలో వారం: బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ వెళ్ళాలంటే ఏం చేయాలి

మా అత్తగారికి అరవై ఎనిమిది, చిన్నదానికి ఆరు, నాకు ఈత అంతంతమాత్రం. ఈ బలగంతో కరీబియన్ సముద్రంలో ఉన్న బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో (బీవీఐ అంటారు) తెరచాప పడవ మీద రెండుసార్లు, వారం చొప్పున తిరిగొచ్చాం. మొదటిసారి బోలెడు తప్పులు చేశాం, రెండోసారికి కొంచెం తెలివొచ్చింది. డాలస్‌లో ఏ పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్ళినా ఎవరో ఒకరు ప్లేటు పట్టుకుని పక్కన చేరి "అదెలా చేశారండీ, మేమూ వెళ్దామనుకుంటున్నాం" అని అడుగుతున్నారు, ప్రతిసారీ సగం చెప్పి సగం మర్చిపోతున్నాను, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. మన వాళ్ళం ఎక్కడికెళ్ళినా తిరుపతి, కాణిపాకం, శ్రీకాళహస్తి ఒకే రోజులో చుట్టేసే రకం. ఇక్కడ అది కుదరదు. రోజుకి రెండు మూడు గంటలు పడవ నడవాలి, మధ్యాహ్నం రెండింటికల్లా ఎక్కడో ఒకచోట కట్టేయాలి, మిగతాదంతా నీళ్ళలో ఆడుకోవడమే. ఎక్కడ ఆగాలో మీ ఎక్సెల్ షీట్ చెప్పదు, గాలి చెప్తుంది, ఆ తర్వాత ఇంట్లో అందరికంటే ముందు ఎవరికి కడుపులో తిప్పుతుందో వాళ్ళు చెప్తారు.

ఈ దీవులే ఎందుకంటే, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇంత సులువైన సముద్రం దొరకడం కష్టం. సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఛానెల్ అని ఒక జలసంధి, దానికి ఒక పక్క పెద్ద దీవి టోర్టోలా, రెండో పక్క నార్మన్, పీటర్, సాల్ట్, కూపర్ దీవులు వరసగా ఉండి పెద్ద అలల్ని చాలావరకు ఆపేస్తాయి. ఎక్కడ నిలబడి చూసినా వెళ్ళాల్సిన దీవి కళ్ళెదురుగానే ఉంటుంది. పాపికొండలకి లాంచీలో వెళ్ళినవాళ్ళకి నే చెప్పేది అర్థమవుతుంది, రెండు వైపులా కొండలు కనిపిస్తుంటే నీళ్ళంటే భయం సగం తగ్గిపోతుంది. ఆటుపోట్ల తేడా అడుగుకి అటూ ఇటూగానే ఉంటుంది. గాలి దాదాపు ఏడాదంతా తూర్పు నుంచే వీస్తుంది. చెల్లేది అమెరికన్ డాలర్, మాట్లాడేది ఇంగ్లిష్. పడవలు అద్దెకిచ్చే మూరింగ్స్ కంపెనీ 1969లో మొదలైంది కూడా టోర్టోలాలోని రోడ్ టౌన్ అనే ఊళ్ళోనే.

ఇక కాగితాలు. మన వాళ్ళ ట్రిప్పులు సగం ఇక్కడే ఆగిపోతాయి కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. చాలామంది విమానంలో సెయింట్ థామస్ వెళ్ళి, షార్లెట్ అమాలీ నుంచి ఫెర్రీ ఎక్కి గంటలో రోడ్ టౌన్ చేరతారు. సెయింట్ థామస్ అమెరికాదే కాబట్టి అక్కడిదాకా డొమెస్టిక్ ఫ్లైటే, కానీ ఆ ఫెర్రీ ఎక్కారంటే అమెరికా దాటినట్టే లెక్క. హెచ్-1బీ మీద ఉండి, పాస్‌పోర్ట్‌లో స్టాంపింగ్ గడువు అయిపోయి ఐ-797 ఆమోదపత్రంతో నడిపిస్తున్నవాళ్ళు జాగ్రత్త: గడువు తీరిన వీసాతో కెనడా, మెక్సికో వెళ్ళి ముప్పై రోజుల్లోపు తిరిగొచ్చే వెసులుబాటు ఉంది కదా, అది హెచ్-1బీ వాళ్ళకి ఈ దీవుల విషయంలో వర్తించదు, ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్ళకి మాత్రమే వర్తిస్తుంది. స్టాంపింగ్ లేకుండా వెళ్తే అక్కడే ఇరుక్కుంటారు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళు తిరిగి రావడానికి కార్డ్ ఇంట్లో మర్చిపోకుండా ఉంటే చాలు. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద బీవీఐలోకి వెళ్ళడానికి ఏమేం కావాలో టికెట్లు కొనకముందే వాళ్ళ ఇమిగ్రేషన్ సైట్‌లో చూసుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే వాళ్ళ విజిటర్ ఇన్సూరెన్స్ అమెరికా బయట పనిచేస్తుందో లేదో కూడా కనుక్కోండి. ఇంకోటి, సెయింట్ థామస్ నుంచి అమెరికా మెయిన్‌ల్యాండ్‌కి విమానం ఎక్కేటప్పుడూ కాగితాలు చూస్తారు, కాబట్టి పాస్‌పోర్ట్‌లు చెకిన్ బ్యాగుల్లో పెట్టకండి. ఈ ఫెర్రీ గొడవ వద్దనుకుంటే 2023 నుంచి మయామీ నుంచి నేరుగా బీవీఐలోనే ఉన్న బీఫ్ ఐలాండ్ ఎయిర్‌పోర్ట్‌కి విమానం ఉంది, ధర ఎక్కువ కానీ పెద్దవాళ్ళకి హాయి. ఎలా వెళ్ళినా పడవ ఎక్కే రోజుకి ఒకరోజు ముందే చేరండి. మేం మొదటిసారి అదే రోజు వెళ్ళాం, మా ఫ్లైట్ ఆలస్యమై ఆఖరి ఫెర్రీ వెళ్ళిపోయింది, అద్దె కట్టిన పడవ రోడ్ టౌన్‌లో ఊగుతూ ఉంటే మేం సెయింట్ థామస్ హోటల్లో పిజ్జా తింటూ కూర్చున్నాం.

ఎప్పుడు వెళ్ళాలి? పిల్లల స్కూళ్ళని బట్టి మనకి మిగిలేవి క్రిస్మస్, స్ప్రింగ్ బ్రేక్, వేసవి. క్రిస్మస్‌కి ధర ఆకాశంలో ఉంటుంది, పైగా ఆ రోజుల్లో గాలి ఒక్కోసారి వారాల తరబడి గట్టిగా కొడుతుంది, క్రిస్మస్ విండ్స్ అని దానికి పేరే ఉంది. కొత్తవాళ్ళు అప్పుడు వెళ్ళకండి. స్ప్రింగ్ బ్రేక్ బాగుంటుంది, జనం ఎక్కువ. నా ఓటు స్కూళ్ళు మూసిన వెంటనే, మే ఆఖరు, జూన్ మొదటి వారం. గాలి మెత్తబడుతుంది, ధర దిగుతుంది. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ సీజన్ అంటారు కానీ అసలు భయం ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే. 2017 సెప్టెంబర్ 6న ఇర్మా అనే హరికేన్ ఈ దీవుల్ని తుడిచిపెట్టినంత పని చేసింది, దాని ఆనవాళ్ళు కొన్నిచోట్ల తర్వాత చాలాకాలం కనిపించాయి. ఆ రెండు నెలలూ ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

పడవ విషయంలో పెద్దగా ఆలోచించేదేం లేదు, కాటమరాన్ తీసుకోండి. ఒకే పొట్ట ఉన్న పడవ గాలికి పక్కకి ఒరుగుతుంది, ఒరిగి పరిగెత్తడమే దాని అందం, నాకదే ఇష్టం, కానీ అలా ఒరిగినప్పుడు మా అత్తగారి మొహం చూడాల్సి వస్తుంది. కాటమరాన్‌కి రెండు పొట్టలు కాబట్టి పెద్దగా ఒరగదు, నలభై రెండు అడుగులదైతే నాలుగు గదులు, గదికో బాత్రూమ్, కింద గుహలా కాకుండా పైన వెలుతురులో వంటిల్లు. అద్దె వారానికి సీజన్‌ని బట్టి, పడవ వయసుని బట్టి ఆరేడు వేల డాలర్ల నుంచి పదిహేను వేల దాకా ఉంటుంది. రెండు మూడు కుటుంబాలు పంచుకుంటే డిస్నీ ట్రిప్పు ఖర్చుకి అటూ ఇటూగా తేలుతుంది.

పడవ మనమే నడపాలంటే అనుభవం చూపించాలి. నేను టెక్సాస్‌లో ఒక చెరువు మీద ఏఎస్ఏ అనే సెయిలింగ్ సంస్థ వాళ్ళ 101, 103 కోర్సులు చేసి, 104 కూడా గట్టెక్కించాను, ఈ మూడోదే ఇలాంటి అద్దె పడవల కోసం పెట్టిన కోర్సు. అయినా చెప్తున్నా, మొదటిసారి స్కిప్పర్‌ని పెట్టుకోండి. మన గోదావరి లాంచీల్లో సరంగు అంటామే, ఆ మనిషన్నమాట. రోజుకి రెండొందల యాభై డాలర్లు అటూ ఇటూ, ఆఖర్న టిప్పు వేరే, అతనికి ఒక గది, మూడు పూటలా భోజనం మనమే చూడాలి. గది లెక్క ముందే వేసుకోండి, తర్వాత బావమరిది సోఫా మీద పడుకోవాల్సి వస్తుంది. మా స్కిప్పర్ రెండో రోజుకే పులిహోరకి అలవాటు పడి, నాలుగో రోజు పొద్దున్నే అదే అడిగాడు.

సామాన్లు మెత్తటి బ్యాగుల్లోనే తెచ్చుకోవాలి. ఇరవై మూడు కిలోల సూట్‌కేస్ పడవలో పెట్టే చోటే ఉండదు, అది వారమంతా మీ మంచం మీద మీతో పాటు పడుకుంటుంది. బట్టలు నాలుగు జతలు చాలు. పొడుగు చేతుల ఈత చొక్కాలు అందరికీ కొనండి, ఎండకీ పనికొస్తాయి, మన ఆడవాళ్ళకీ ఇబ్బంది ఉండదు. సన్‌స్క్రీన్ మినరల్ రకం, జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకోండి, పగడాలకి హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ లాంటివి ఉన్నవాటిని సెయింట్ థామస్ వైపు 2020లోనే నిషేధించారు. చీరలు వద్దని అత్తయ్యగారికి చెప్పడానికి మా ఆవిడకి రెండు వారాలు పట్టింది. డింగీలోకి, అంటే రేవుకి వెళ్ళే చిన్న రబ్బరు పడవలోకి, దిగేటప్పుడు కుచ్చిళ్ళు కాళ్ళకి చుట్టుకుంటే సరాసరి నీళ్ళలోకే, కాబట్టి పంజాబీ డ్రెస్సులు, అవి కూడా మోకాళ్ళ దాకా తడిసినా త్వరగా ఆరేవి. చెప్పులు పడవ ఎక్కగానే బుట్టలో వేసేయాలి, పడవ మీద అందరూ ఒట్టికాళ్ళే, ఈ ఒక్క నియమం మన వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

తిండి గురించి అందరూ అడుగుతారు. రోడ్ టౌన్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లు ఉన్నాయి, బియ్యం, ఉల్లి, బంగాళాదుంప, గుడ్లు, పాలు, పెరుగు దొరుకుతాయి, అన్నీ ఓడ దిగి వచ్చేవే కాబట్టి ధరలు చూసి గుండె ఆగినంత పనవుతుంది. డాలస్ నుంచి మోసుకెళ్ళాల్సినవి: మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్, కందిపప్పు, రవ్వ, పోపు దినుసులన్నీ కలిపిన ఒక డబ్బా, ఆవకాయ, ఇంట్లోనే ఉడికించి సీసాకి పట్టిన పులిహోర పులుసు. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ మోయకండి, దానికోసం జనరేటర్ వేయాలి, ఆ మోతకి పక్క పడవల వాళ్ళు మన వైపు అదోలా చూస్తారు. వంటంతా పొద్దున పడవ కదలకముందే అయిపోవాలి. పులిహోర, దద్దోజనం, చపాతీ చుట్టలు, ఉడికించిన గుడ్లు, ఇవి చేత్తో పట్టుకుని తినొచ్చు, ఒలికినా ఏమీ కాదు. పడవ నడుస్తుండగా సాంబారు కాచాలని చూశాం ఒకసారి, ఆ మరకలు తుడవడానికి ఒక పూట పట్టింది. గ్యాస్ వాడాక పొయ్యి ఒక్కటే కాదు, గోడ మీద స్విచ్ కూడా కట్టేయాలి, అది ఆపితేనే సిలిండర్ దగ్గర గ్యాస్ ఆగుతుంది. లీకైన గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి పడవ అడుగున పేరుకుంటుంది, తమాషా కాదు.

బాత్రూమ్ సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. గొట్టాలు సన్నం. మీరు తిన్నది తప్ప ఇంకేదీ అందులోకి వెళ్ళకూడదు, చాలా పడవల్లో టిష్యూ కూడా వేయొద్దంటారు, పక్కన సంచీలో వేయాలి. ఈ విషయంలో మగ్గు అలవాటున్న మనమే నయం. కానీ మంచినీళ్ళ దగ్గర మనమే దొంగలం. ట్యాంకు రెండొందల గ్యాలన్లు అంటే చాలా అనిపిస్తుంది, ఏడుగురం ఇంట్లో పోసుకున్నట్టు స్నానాలు చేస్తే మూడో రోజుకి కుళాయిలో గాలే వస్తుంది, మళ్ళీ ఏదో రేవుకెళ్ళి గ్యాలన్‌కింత అని కొనాలి. సముద్రంలో మునిగి, వెనక మెట్ల మీద షవర్‌తో ఒక నిమిషం ఉప్పు కడుక్కుంటే స్నానం అయినట్టే. గిన్నెలు మొదట ఉప్పునీళ్ళతో తోమి, ఆఖర్న మంచినీళ్ళతో తొలవాలి.

పిల్లల లైఫ్‌జాకెట్లు ఇంటి నుంచే తీసుకెళ్ళండి, అక్కడ ఇచ్చేవి సైజు కుదరవు, కుదరని జాకెట్ పిల్లలు విప్పేస్తారు. బుక్ చేసేటప్పుడే పడవ చుట్టూ వల కట్టగలరా అని అడగండి. మా పడవలో నియమాలు మూడే: నడిచేటప్పుడు ఒక చెయ్యి నీకు, ఒక చెయ్యి పడవకి, పెద్దవాళ్ళు లేకుండా ముందుకి వెళ్ళకూడదు, ఇంజన్ మోగుతుంటే ఎవరూ నీళ్ళలో ఉండకూడదు. పడవ వెనక కట్టుకునే డింగీ ఉంది చూశారూ, దాంట్లోనే ప్రమాదాలు ఎక్కువ. నడిపేవాళ్ళ మణికట్టుకి ఎర్ర తాడు ఒకటి తగిలించుకోవాలి, మనిషి జారి పడితే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. ఇది తగిలించుకోకుండా నడిపేవాళ్ళతో పిల్లల్ని పంపకండి, ఎవరైనా సరే.

ఆ డింగీని కట్టే ముడి కూడా నేర్చుకోండి. బోలైన్ అంటారు, యూట్యూబ్‌లో పది నిమిషాల పని. మా బావమరిది రెండో రాత్రి గేదెని కట్టినట్టు ఏదో మెలితిప్పి "ఇది ఏనుగు లాగినా ఊడదు బావా" అన్నాడు. పొద్దున లేచేసరికి డింగీ లేదు. అరమైలు దూరంలో ఇంకో పడవ ఆయన పట్టి కట్టేసి ఉంచాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే దాని ఖరీదు మా డిపాజిట్‌లో పోయేది.

కడుపులో తిప్పడం గురించి: మందు ముందురాత్రి వేసుకోవాలి, వాంతి వచ్చాక వేసుకుంటే ఉపయోగం లేదు. మెక్లిజైన్ మాకు పనిచేసింది, పిల్లలకి మోతాదు డాక్టర్‌ని అడగండి. బయట గాలిలో కూర్చుని దూరంగా సముద్రం ఆకాశం కలిసే గీతని చూస్తూ ఉండాలి, కింద గదిలోకి వెళ్ళినా ఫోన్ చూసినా అంతే సంగతులు. అల్లం మురబ్బా ఒక ప్యాకెట్ జేబులో ఉంచుకోండి, మా అత్తగారు వారమంతా దాని మీదే నడిచారు.

దారి ఎలా వేసుకోవాలంటే, గాలి తూర్పు నుంచి కాబట్టి మొదటి సగం చిన్న చిన్న అడుగులతో తూర్పుకి ఎదురెక్కండి, రెండో సగం గాలివాటున తాపీగా పడమరకి జారండి. మొదటి రోజు పడవ చేతికిచ్చి, అన్నీ చూపించేసరికి మధ్యాహ్నం దాటుతుంది, గంట గంటన్నరలో నార్మన్ ఐలాండ్ చేరి ద బైట్ అనే పెద్ద మడుగులో కట్టేయండి. మర్నాడు పొద్దున్నే, జనం రాకముందే పక్కనున్న ఇండియన్స్ అనే నాలుగు రాళ్ళ దగ్గర స్నోర్కెలింగ్, అంటే కళ్ళకి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళ కింద చూస్తూ ఈదడం. పేరు చూసి మా చిన్నది "మన కోసమేనా?" అంది. తర్వాత కూపర్ ఐలాండ్. దారిలో సాల్ట్ ఐలాండ్ దగ్గర 1867 తుఫానులో మునిగిన ఆర్ఎంఎస్ రోన్ ఓడ ఉంది, లోతు తక్కువ ఉన్న భాగం పైనుంచే కనిపిస్తుంది. ఎదురుగాలికి అటూ ఇటూ మలుపులు తిప్పుతూ వెళ్ళడం నాకు సరదా, మిగతావాళ్ళకి విసుగు, అందుకని ఈ రోజుల్లో నిస్సంకోచంగా ఇంజన్ వేసేయండి, ఎవరూ మార్కులు తగ్గించరు.

నాలుగో రోజు వర్జిన్ గోర్డా దీవిలో ద బాత్స్. ఇళ్ళంత గ్రానైట్ గుండ్లు ఒకదాని మీద ఒకటి, వాటి సందుల్లో నీళ్ళు, పైనుంచి ఎండ. ఏనుగు గుండ్లు, కొండరాళ్ళు చూసి పెరిగిన హైదరాబాద్ వాళ్ళకి కూడా నోరు తెరుచుకుంటుంది. ఎనిమిదికల్లా అక్కడుండాలి. డింగీని ఒడ్డుకి తేనివ్వరు, బయట తాడుకి కట్టి ఈదుకుంటూ వెళ్ళాలి, ఇది పెద్దవాళ్ళ వల్ల కాదు. మేం రెండోసారి స్పానిష్ టౌన్ రేవులో కట్టి టాక్సీలో పైనుంచి వెళ్ళాం, నడకదారిన దిగి మా అత్తగారు కూడా చూశారు. అక్కడి నుంచి నార్త్ సౌండ్ వెళ్ళిపోండి, నాలుగు వైపులా మూసుకున్న సరస్సులా ఉంటుంది, రెండు రాత్రులు ఉన్నా నష్టం లేదు.

అనెగాడా దీవికి వెళ్ళాలా వద్దా అన్నది అక్కడే తేల్చుకోవాలి. దూరం పదిహేను మైళ్ళ లోపే, కానీ మధ్యలో అడ్డు దీవులు లేవు, అసలు సముద్రం. దీవి ఎత్తు ఇరవై ఎనిమిది అడుగులే, దగ్గరికెళ్ళేదాకా కొబ్బరిచెట్ల తలలు తప్ప ఏమీ కనిపించవు, చుట్టూ ఉన్న హార్స్‌షూ రీఫ్ అనే పగడపు దిబ్బ వందల ఓడల్ని మింగింది. ఎండ నడినెత్తిన ఉండగా, నీళ్ళ కింద రాయి కనిపించే వెలుతురులో, దారి గుర్తుగా నీళ్ళ మీద తేలే బోయ్‌ల మధ్య నుంచే లోపలికి పోవాలి. కొన్ని కంపెనీలు స్కిప్పర్ లేకుండా వెళ్ళనివ్వవు, అది సబబే. వెళ్తే మాత్రం లాబ్‌స్టర్ మధ్యాహ్నమే ఆర్డర్ చెప్పి పెట్టాలి, ఉప్పు చెరువుల్లో ఫ్లెమింగోలు చూడాలి, అక్కడ అంతరించిపోతే 1992లో మళ్ళీ తెచ్చి వదిలారు. మేం మొదటిసారి అలలు చూసి మానుకున్నాం. ఎవరూ ఏడవలేదు.

తర్వాత గాలి వీపున పెట్టుకుని జోస్ట్ వాన్ డైక్ దీవికి. వైట్ బే ఇసుక పిండిలా ఉంటుంది, దీవి తూర్పు కొసన శాండీ స్పిట్ అని చెంచాడు ఇసుక దీవి, పిల్లలు అక్కడే సగం రోజు ఉంటామంటారు, ఉండనివ్వండి. ఎదురుగా కనిపించే పెద్ద దీవి సెయింట్ జాన్, అది అమెరికా. ఫోన్‌కి అమెరికా సిగ్నల్ కూడా వస్తుంది. "దగ్గరే కదా, ఒకసారి చూసొద్దాం" అని ఎవరన్నా అంటే నోరు మూయించండి, పడవతో సహా దేశం మారినట్టు లెక్క, కస్టమ్స్, ఇమిగ్రేషన్ మళ్ళీ మొదలు. ఆఖరి రాత్రి పీటర్ ఐలాండ్ దగ్గరో నార్మన్ దగ్గరో ఉంటే మర్నాడు పొద్దున్నే డీజిల్ నింపి, చెప్పిన టైముకి పడవ అప్పగించవచ్చు.

రాత్రి కట్టుకోవడానికి చాలా చోట్ల లంగరు వేయక్కర్లేదు, నీళ్ళ మీద బంతులు తేలుతుంటాయి, వాటికి కట్టేయడమే. మేం వెళ్ళినప్పుడు రాత్రికి నలభై నుంచి యాభై ఐదు డాలర్ల దాకా అయింది, కొన్నిటిని బోటీబాల్ యాప్‌లో పొద్దున ఏడింటికి బుక్ చేసుకోవాలి, సీజన్‌లో తత్కాల్ టికెట్ల లాగే నిమిషాల్లో అయిపోతాయి. మిగతావి ముందొచ్చినవాళ్ళకి, రెండింటికల్లా చేరమన్నది అందుకే. గాలికి ఎదురుగా నెమ్మదిగా వెళ్ళి, ముందు ఒకరు కొక్కెం కర్రతో తాడు అందుకోవాలి. ఆ టైములో మాటలు వినపడవు, అందుకే కుడి, ఎడమ, ఆపు, వెనక్కి అని చేతి సైగలు ముందే అనుకోండి. లేకపోతే మొత్తం రేవుకి వినపడేలా మొగుడూ పెళ్ళాల గొడవ అవుతుంది, మాది అయింది. కట్టాక ఎవరో ఒకరు మునిగి కింద గొలుసు బాగుందో లేదో చూడాలి. ఎర్ర బంతులకి పగలే, రాత్రి కట్టకూడదు.

ఒడ్డున ఒక చెట్టుని గుర్తుపెట్టుకోండి, మాంచినీల్. కూపర్ ఐలాండ్‌లో మనం ఆగే బే పేరే దాని మీద వచ్చింది. చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు, ఆకులు నిగనిగలాడుతూ ఉంటాయి. జీడిపిక్క పచ్చిగా కొరికితే నోరు పొక్కిపోవడం ఉద్దానం వైపు వాళ్ళకి తెలుసు, ఇది దానికి పదింతలు. కాయ తినకూడదు, పాలు ఒంటికి తగలకూడదు, వాన పడుతుంటే దాని కింద నిలబడినా కారే నీళ్ళకి బొబ్బలెక్కుతాయి. కొన్నిచోట్ల ఎర్ర రంగు పట్టీ వేస్తారు, వేయనివీ ఉంటాయి. పిల్లలకి ఫోటో చూపించి పెట్టండి. అలాగే గాలం వేయాలంటే బయటివాళ్ళకి పర్మిట్ కావాలి, పట్టినా రీఫ్ చేపల్లో కొన్నిటికి సిగ్వాటెరా అనే విషం ఉంటుంది, వండితే పోదు. చేప తినాలనిపిస్తే రెస్టారెంట్‌లో తినండి.

ఇక తిరిగొచ్చాక రెండు రోజులు నేల ఊగుతుంది, భయపడకండి, అదే తగ్గుతుంది. డాలస్‌లో దిగిన రాత్రి కారు బావమరిది నడిపాడు. మర్నాడు పొద్దున స్నానాలగది నుంచి అత్తగారు అరిచారు, పరిగెత్తుకెళ్తే ఏం లేదు, "ఒక చెయ్యి గోడకి పెట్టుకునే పోసుకుంటున్నానే, ఎవరన్నా నీళ్ళు నిండుకున్నాయో లేదో చూడండి" అంటున్నారు.